తాడు పట్టిన చేతులు

నాందేడ్ జిల్లా బిలోలి తాలూకాలో, మంజీర నదికి ఈ పక్కన మా సగరోళి. అవతలి పక్కన బోధన్ వైపు ఊళ్లు. 1956లో రాష్ట్రాలు కొత్తగా ఏర్పడేదాకా రెండు పక్కలా హైదరాబాద్ రాష్ట్రమే. ఇప్పటికీ ఇక్కడ బజారులో మరాఠీ, తెలుగు రెండూ వినిపిస్తాయి. నాటకం కూడా మాకు రెండు వైపుల నుంచీ వచ్చింది. నాందేడ్‌లో మరాఠీ నాటకానికి వెళ్తే మూడు గంటలు లెక్కపెడతాం. మూడో గంట మోగిందంటే తెర లేస్తుంది. తెలుగు పద్యనాటకానికి వెళ్తే హార్మోనియం శ్రుతి కోసం చెవులు రిక్కిస్తాం.

ఆ మూడో గంట కొట్టిందెవరు? హార్మోనియం మొదలుపెట్టమని సైగ చేసిందెవరు? ప్రేక్షకుడికి అతని ముఖం తెలియదు. అతను కనబడకపోవడమే ఆ రాత్రి పని సవ్యంగా సాగిందనడానికి గుర్తు. వృత్తి నాటకరంగంలో అతన్ని స్టేజి మేనేజరు అంటారు. మన పరిషత్తు నాటకాల వాళ్లు రంగస్థల నిర్వాహకుడు అంటారు. ఆ పనిని తెలుగువాళ్లలో తరతరాలుగా చేస్తూ వచ్చిన ఒక కుటుంబం ఉంది, సురభి నాటక కుటుంబం. దాని పనితనాన్ని దగ్గరగా చూడాలనే ఈ వ్యాసం.

ముందు పని సంగతి. రిహార్సల్ మొదటి రోజు నుంచీ స్టేజి మేనేజరు ఒక ప్రతి దగ్గర పెట్టుకుంటాడు. నటుడు ఏ మాట దగ్గర కుడికి నడిచాడో, ఏ మాట మీద దీపం తగ్గాలో, ఏ నిట్టూర్పు తర్వాత తెర దిగాలో అన్నీ అందులో రాసుకుంటాడు. ప్రదర్శన రోజున ఆ ప్రతే అతనికి చట్టం. లైట్లవాడికీ సౌండువాడికీ ముందుగా ‘సిద్ధం’ అని చెప్పి, సరైన క్షణాన ‘కానీ’ అంటాడు. బ్రిటిష్ రంగస్థలంలో ‘హాఫ్’ అనే పిలుపు ఉంది. పేరుకు అరగంట అయినా, తెర లేవడానికి 35 నిమిషాల ముందే పిలుస్తారు. ఆ పిలుపు అయ్యాక నటులంతా థియేటర్ లోపలే ఉండాలి. నాటకం స్టేజి ఎక్కాక దర్శకుడు ఇంకో పనికి వెళ్లిపోతాడు. ఆ తర్వాత యాభయ్యో ప్రదర్శనైనా మొదటి రోజులాగే నడిచే పూచీ స్టేజి మేనేజరుది.

సంస్కృత నాటకంలో సూత్రధారుడు అనే మాట ఉంది. సూత్రాన్ని, అంటే దారాన్ని, పట్టుకున్నవాడు అని అర్థం. ఆ మాట బొమ్మలాట నుంచి వచ్చిందని కొందరు పండితుల అభిప్రాయం. సురభి వాళ్ల కథ చదివినప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

సురభి నాటక సమాజం 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టింది. వనారస వంశీకులు అక్కడ ‘కీచకవధ’ ఆడారు. ఊరి పేరే సమాజానికి పేరైంది. వనారస గోవిందరావును ఈ సంప్రదాయానికి మూలపురుషుడిగా చెప్పుకుంటారు. వాళ్ల పూర్వీకులు మహారాష్ట్ర ప్రాంతం నుంచి వచ్చినవారు, తోలుబొమ్మలాట ఆడినవారు. బొమ్మను ఆడించిన చేతులే తర్వాత తెర తాళ్లు పట్టాయి. మరాఠీ నేల నుంచి వచ్చి తెలుగు నాటకానికి ఇల్లూ వాకిలీ అయిన ఆ కుటుంబాన్ని తలచుకుంటే, రెండు భాషల మధ్య బతికే మా సగరోళి వాళ్లకు చుట్టాల్ని చూసినట్టే ఉంటుంది.

నాటకం అలా ఒక నేల నుంచి మరో నేలకు రావడం, పోవడం అప్పటికే ఉంది. 1843లో సాంగ్లీలో విష్ణుదాస్ భావే ‘సీతా స్వయంవర్’తో మరాఠీ నాటకానికి నాంది పలికాడు. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం ఆంధ్రదేశంలో తిరిగింది. రాజమండ్రిలో వాళ్లు వదిలివెళ్లిన పాకలోనే కందుకూరి వీరేశలింగం తన శిష్యులచేత నాటకం ఆడించారు. ఆధునిక తెలుగు రంగస్థలానికి మొదటి నీడ ఒకరు కట్టి వదిలిన పాక. నాటకచరిత్రలో కవులకెంత చోటుందో, పాక కట్టినవాళ్లకూ అంత చోటు ఉండాలని నాకనిపిస్తుంది.

ఇప్పుడు సురభి పనితనం. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని లలిత కళాతోరణంలో సురభి వాళ్ల శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి చాలా ఏళ్లు నాటకాలు ఆడింది. 1937లో మొదలైన మండలి అది. అక్కడ ‘మాయాబజార్’ చూసినవాళ్లు కథ కోసం వెళ్లలేదు, కథ అందరికీ వచ్చు. తెలిసిన కథలో తెలియని చోట కళ్లు విప్పార్చుకోవడానికి వెళ్లారు.

మొదట తెరలు చూడండి. రాజసభ, అడవి, వీధి, అంతఃపురం ఒక్కొక్కటీ గుడ్డ మీద రంగులతో గీసినవే. కంపెనీ నాటకాల పాత కిటుకు ఒకటి ఇందులో ఉంది. వీధి తెర స్టేజికి ముందు భాగంలో దిగుతుంది. దాని ముందు ఇద్దరు నిలబడి హాస్యమో సంవాదమో నడిపిస్తారు. ప్రేక్షకులు నవ్వుతుంటారు. అదే సమయంలో ఆ తెర వెనక సింహాసనం వస్తుంది, స్తంభాలు నిలుస్తాయి, వేషగాళ్లు తమ చోట్లలో కూర్చుంటారు. వీధి తెర లేచేసరికి నిండు సభ. ఈ ఏర్పాటులో ముందు రంగం నిడివి వెనక పనికి సరిపోవాలి. పని ఆలస్యమైతే ముందున్న నటుడు ఒక మాట పెంచాలి, హార్మోనియం ఒక వరస సాగాలి. తొందరగా అయిపోతే అక్కడే కత్తిరించాలి. చప్పుడు వినపడితే నవ్వు చెడుతుంది. కాలాన్ని తాడులా లాగి, వదిలి, మళ్లీ లాగే పని ఇది.

తర్వాత బాణాలు. రెండు వైపుల నుంచి రెండు బాణాలు బయలుదేరి, స్టేజి మధ్యలో గాలిలో ఢీకొని, మెరుపు మెరుస్తుంది. పిల్లలు కేకలు వేస్తారు, పెద్దలు నోరు తెరుస్తారు. దీనికి సన్నని తీగ, నల్లని వెనక తెర, స్టేజికి అటూ ఇటూ ఉన్న రెండు వింగుల్లో రెండు జతల చేతులు చాలు. కష్టమంతా సమయంలో ఉంది. విల్లు లాగిన నటుడి చెయ్యి, వింగులోని చెయ్యి ఒకే ఊపిరిలో కదలాలి. అవతలి వింగువాడికి ఇవతలివాడు కనబడడు. తబలా దరువే వాళ్లకు కన్ను. ఒక మాత్ర తేడా వస్తే బాణాలు ఒకదాన్నొకటి దాటిపోతాయి, యుద్ధం నవ్వులపాలవుతుంది.

ఘటోత్కచుడి విందు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ సినిమాలో కె.వి.రెడ్డి దర్శకత్వం, మార్కస్ బార్ట్‌లే ఛాయాగ్రహణం కలిసి లడ్డూల్ని కదిలించాయి. అది గొప్ప పనే. కాని కెమెరాకు ఆగి మళ్లీ తీసే వీలుంది. సురభి స్టేజి మీద లడ్డూ పళ్లెంలోంచి లేచి ఘటోత్కచుడి నోటికి చేరాలంటే, వందల కళ్లు చూస్తుండగా ఒకే ఒక్క అవకాశం. నటుడు నోరు తెరిచే కోణం, దారం లాగే వేగం, దీపం పడే వైపు మూడూ కలవాలి. మర్నాడు రాత్రి మళ్లీ కలవాలి. రోజూ జరిగే అద్భుతం అంటే నాకు ఇదే.

ఇంత పనికీ అక్కడ పదవులు పెద్దగా కనబడవు. ముందు రంగంలో రాజు వేషం కట్టినవాడు తర్వాతి రంగంలో తాడు పట్టుకుంటాడు. తాడు వదిలినవాడు కిరీటం పెట్టుకుని వెళ్లి పద్యం అందుకుంటాడు. బావ, మామ, పిన్ని అనే వరసలే అక్కడ శాఖల పేర్లు. పుట్టినప్పటి నుంచీ వింగులో పెరిగిన పిల్లకు ఏ పద్యం ఎన్నో పాదంలో తెర కదలాలో ఎవరూ నేర్పనక్కర్లేదు. మరోచోట స్టేజి మేనేజరు పుస్తకంలో రాసుకునేది ఇక్కడ పిల్లల ఒంటికి పట్టేసి ఉంటుంది.

సురభి కమలాబాయి గురించి రంగస్థలంవాళ్లు ఒక మాట చెప్పుకుంటారు. నాటకం నడుస్తుండగా తల్లికి నొప్పులొచ్చి, ఆమె స్టేజి మీదే పుట్టిందని. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి ఆమే. ఆ పుట్టుక కథ విన్నప్పుడల్లా నా మనసు తెర దగ్గరికి పోతుంది. నటిస్తున్న తల్లి ముఖంలో మార్పు చూసి, ఇది వేషంలోని బాధ కాదని గుర్తించి, తెర దించాల్సిన మనిషి ఒకరు అక్కడ ఉండి ఉంటారు. కథలో ఆ మనిషికి పేరు లేదు. నటుల ఊపిరిలో తేడాను పసిగట్టగలగడం ఈ పనిలో సగం.

మిగతా సగం ప్రాణాల కాపలా. 1903 డిసెంబరు 30న షికాగోలో ఇరోక్వా థియేటర్లో ఆర్క్ దీపం నిప్పురవ్వ తెరగుడ్డకు అంటుకుంది. మంటను ఆపాల్సిన తెర పూర్తిగా దిగలేదు. 600 మందికి పైగా చనిపోయారు. గుడ్డ తెరలు, వెదురు పందిళ్లు, కరెంటు తీగలు, మంటల దృశ్యాలు మన నాటకానికీ ఉన్నాయి. నీళ్ల బకెట్టు, ఇసుక, తెరిచి ఉన్న దారి వీటిని ప్రదర్శనకు ముందు తన కళ్లతో చూసుకోనివాడు ఎంత నేర్పరి అయినా ఈ పనికి తగడు. చిన్నప్పుడు ఒక నాటకంలో తెర తాడు నా చేతికిచ్చారు. కప్పీలో తాడు ఇరుక్కుని తెర సగంలో ఆగింది. స్టేజి మీది అమ్మాయి కళ్లలో భయం నాకు ఇంకా గుర్తుంది. తెర లేచే ముందు తాడును ఒక్కసారి లాగి చూసుకోవాలని ఆ రోజు తెలిసింది. సురభి వాళ్లు ప్రతి రాత్రీ అన్ని తాళ్లు లాగి చూసుకునే మనుషులు. నాకు వాళ్ల మీద గౌరవం మొదలైంది అక్కడే.

ఆ కుటుంబానికి గుర్తింపూ దక్కింది. శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని చాలాకాలం నడిపిన రేకందార్ నాగేశ్వరరావుకు, అంటే అందరికీ తెలిసిన సురభి బాబ్జీకి, 2013లో పద్మశ్రీ వచ్చింది. 2022లో ఆయన కన్నుమూశారు. 1990లలో కన్నడ దర్శకుడు బి.వి.కారంత్ సురభి వాళ్లతో ‘భీష్మ’, ‘చండీప్రియ’ వంటి నాటకాలు చేయించారు. ఆధునిక శిక్షణ ఉన్న దర్శకుడు వచ్చి పనిచేసినప్పుడు ఆ కుటుంబానికి కొత్తగా నేర్చుకోవాల్సినవి ఉన్నాయి. తాడు పట్టడం మాత్రం ఆ జాబితాలో లేదు.

నా తీర్పు ఇది. స్టేజి మేనేజరు పని నటనకు సాయం మాత్రమే అనుకోవడం పొరపాటు, అది తనంతట తాను ఒక కళ. కవి మాట రాస్తాడు, నటుడు దాన్ని పలుకుతాడు, ఆ మాట ఏ క్షణంలో మన ముందుకు రావాలో నిలబెట్టేది ఇతను. ఆ క్షణం తప్పితే గొప్ప పద్యమూ చప్పబడుతుంది.

మన నాటకాల కరపత్రాలు తీసి చూడండి. హార్మోనియం ఎవరో, తబలా ఎవరో, మేకప్ ఎవరో, రంగాలంకరణ ఎవరో వేస్తాం. వీటన్నిటినీ ఒక తాటి మీదికి తెచ్చిన మనిషి పేరు చాలాసార్లు ఉండదు. మంజీరకు ఇటు మరాఠీలో, అటు తెలుగులో, జాతరలకూ బడి వేడుకలకూ నాటకాలు వేసే మిత్రులకు నాదొక్కటే మనవి. వచ్చేసారి కరపత్రం అచ్చువేసేటప్పుడు హార్మోనియం పేరు కింద ఒక వరస ఖాళీ ఉంచండి. తెర తాడు పట్టినవారి పేరు అక్కడ వేయండి.