గాలికి వేసిన డాట్లు

మా పడవ కాంటెస్సా 32. డేవిడ్ శాడ్లర్ గీసిన డిజైను. ఇంగ్లండ్ దక్షిణ తీరాన లిమింగ్టన్‌లో, జెరెమీ రోజర్స్ యార్డులో 1978లో కట్టారు. మరుసటి ఏడాది ఆగస్టులో ఫాస్ట్‌నెట్ పడవల పందెం తుఫానులో చిక్కుకోగా పందెగాళ్లు పదిహేనుమంది ప్రాణాలు కోల్పోయారు. ఆ పందెంలో అన్నిటికన్నా చిన్న పడవల తరగతి నుంచి చివరిదాకా వెళ్లిన పడవ ఒక్కటే, అసెంట్. అదీ కాంటెస్సా 32. ఆ ఘనత మాదేనన్నట్టు ఈ జాతి పడవలున్నవాళ్లం ఇప్పటికీ మీసం దువ్వుకుంటుంటాం.

అంత గట్టి పడవకైనా ఆధారం బట్టే. మా పెద్ద తెరచాప ఎక్కడా చిరగలేదు, కన్నం కూడా లేదు. అయినా దాని పనైపోయింది. ఎదురుగాలికి పోతుంటే ముందుకు సాగే పడవ కాస్తా పక్కకి ఒరిగిపోతోంది. చుక్కాని తిప్పే కర్ర, టిల్లర్‌ని రెండు చేతులా బిగబట్టి లాగాల్సి వస్తోంది. తప్పు చుక్కానిదేమోనని ఒక వేసవంతా దాన్ని అనుమానించాను. చివరికి తేలిందేమిటంటే, తెరచాప కడుపు జారింది. ఆ ఉబ్బు మాస్టు, అంటే తెరచాప కట్టే స్తంభం వైపు నుంచి నలభై, నలభై అయిదు శాతం దూరంలో ఉండాలి. ఏళ్ల తరబడి బట్ట సాగి అది వెనక్కి పోతే, గాలి బలం ముందుకు లాగడం మాని పక్కకి తోస్తుంది.

కొత్తది కుట్టించడానికి సోలెంట్ జలసంధి ఒడ్డునున్న ఒక చిన్న లాఫ్టుకి వెళ్లాను. తెరచాపలు కుట్టే చోటుని లాఫ్ట్ అంటారు. నున్నటి చెక్క నేల, ఆ నేలలో గొయ్యి తీసి దించిన కుట్టుమిషన్లు. కుట్టేవాడు గోతిలో కూర్చుంటే మిషను బల్ల నేలతో సమంగా ఉంటుంది, ఎంత పెద్ద బట్టైనా నేలమీదే జారుతూ సూది కిందికి వస్తుంది. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్న నేతగాడు గుర్తొచ్చాడు.

కాంటెస్సా కొలతలు పుస్తకాల్లో ఉన్నాయి కదా, అవి చాలవా అన్నాను. లాఫ్టు నడిపే పెద్దాయన నవ్వి టేపు పట్టుకుని పడవ దగ్గరికి బయల్దేరాడు. నలభై ఏళ్ల పడవలో తెరచాప కింది దూలం, బూమ్, ఎవరు ఎప్పుడు కోశారో, మాస్టు ఎప్పుడు మారిందో ఎవరికి తెలుసు? ఆయన మాస్టు వంపు చూసుకున్నాడు, తెరచాప ముందు మూల తగిలించే పిన్ను మాస్టుకి ఎంత వెనకగా ఉందో కొలిచాడు, గాడిలో జారే స్లైడ్ ఒకటి జేబులో వేసుకున్నాడు. మాది దాదాపు వంగని పాతకాలపు మాస్టు. వంగే మాస్టుకి కత్తిరించిన తెరచాప తెచ్చి దీనికి కడితే కడుపు మరీ ఉబ్బిపోతుంది.

బట్ట డాక్రాన్, అంటే పాలియెస్టరే. 1941లో మాంచెస్టర్‌లోని ఒక కాలికో అద్దకాల సంఘం కోసం విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు కనిపెట్టారు. మా నాన్నగారి తరం టెరిలిన్ చొక్కాలని మురిసిపోయింది దీన్ని చూసే. కాకపోతే చొక్కా బట్టకీ దీనికీ నేతలో తేడా ఉంది. మామూలు బట్టలో పడుగూ పేకా రెండూ ఒకదాని మీదుగా ఒకటి ఎక్కి దిగుతాయి. ఇందులో పేకని తిన్నగా ఉంచి, వంకరలన్నీ పడుగుకి వదిలేస్తారు. తిన్నని పోగు సాగదు. తెరచాప వెనక అంచు పైనుంచి కిందిదాకా దేనికీ అంటని అంచు, ఎక్కువ లాగుడు దానిమీదే. అందుకే తెరచాపగా కలిపి కుట్టే బట్ట పట్టీలని ఆ అంచుకి అడ్డంగా పరుస్తారు. అప్పుడు పేక ఆ అంచు వెంబడే నడుస్తుంది. ఐమూలగా లాగితే మాత్రం ఏ నేతైనా సాగుతుంది. జాకెట్టు మెడకి పైపింగు వేసే ప్రతి టైలరుకీ తెలిసిన సంగతే.

ఇక నన్ను కట్టిపడేసింది డాట్ల పని. నేలమీద పరిస్తే చదునుగా ఉండే బట్టలో కడుపు ఎలా వస్తుంది? చీరాలలో మా అమ్మ జాకెట్లు కుట్టేది. చదును గుడ్డని ఒంటికి తగ్గట్టు ఉబ్బించడానికి డాట్లు పట్టేది. ఇక్కడ డాటు విడిగా కనబడదు. పట్టీలు కలిసే ప్రతి కుట్టులోనే దాగి ఉంటుంది. ఒక పట్టీ అంచు తిన్నగా, దాని పక్కది కనీకనబడనంత వంపుగా కోస్తారు. రెండూ కలిపి కుడితే ఆ తేడా కడుపవుతుంది. మూడు మీటర్ల వెడల్పులో దాదాపు ముప్పై సెంటీమీటర్ల లోతు, అదంతా ఒక్కో కుట్టులో మింగేసిన కొద్ది మిల్లీమీటర్ల నుంచి వచ్చిందే. ఆయన రెండు పట్టీలు పక్కపక్కన పెట్టి చూపించాడు. నాకు రెండూ తిన్నగానే కనిపించాయి. చెంప నేలకి ఆనించి వెలుతురుకి ఎదురుగా చూడమన్నాడు. అప్పుడు కనబడింది, ఒక మూల దగ్గర గోరు మందం సందు.

కుట్టు జిగ్‌జాగే, అయితే ఒక్కో వాలులో మూడేసి పోట్లు. గట్టి బట్ట కాబట్టి నూలుగుడ్డలోలా దారం లోపలికి దిగదు, పైనే నిలబడి ఎండకీ రాపిడికీ దొరుకుతుంది. బట్టకన్నా ముందు పోయేది దారమే. అందుకే దూరప్రయాణాల పడవకి మూడు వరసలు.

మూలల్లో అతుకులు పొరలుపొరలుగా వేశారు. ఒక్కో పొర కిందిదానికన్నా కొంచెం చిన్నది, అంచులు మెట్లలా దిగుతాయి. అన్నీ ఒక్క గీత దగ్గరే ఆగితే బట్ట అక్కడే మడతపడి విరుగుతుంది. రీఫు రింగుల దగ్గరా ఇదే పద్ధతి. గాలి ముదిరాక తెరచాప కొంత దించి కడితే, ఆ రింగే కొత్త మూల అవుతుంది మరి.

కింది వెనక మూల రింగు మాత్రం చేత్తో కుట్టాడు. అరచేతికి తోలు తొడుగు, అందులో లోహపు బిళ్ల. వేలికి అంగుస్తానా చాలని పని ఇది, దబ్బనాన్ని అరచేతి బలంతో నెట్టాలి. మైనం రాసిన దారం ఒక్కొక్క పోటుకీ బిగిస్తుంటే కిర్రుమంటోంది. చూస్తున్నంతసేపూ ఆయన ఒక్క మాట మాట్లాడలేదు.

పాత తెరచాప లాఫ్టులోనే వదిలేద్దామని తీసుకెళ్లాను. దాని బట్టని బొటనవేలితో నొక్కితే కాగితంలా చప్పుడు చేసింది. మూల రింగు మాత్రం చెక్కుచెదరలేదు, నలుపెక్కిన ఒక్క పోగైనా కదల్లేదు. ఆయన దాన్ని తిప్పి, వెనక ముడి ఎక్కడ దాచారా అని వెతికాడు. దొరకలేదు. కత్తెరతో ఆ మూల మటుకు కోసి, ఇది నేను ఉంచుకోవచ్చా అని అడిగాడు.