నలుగురికి ఒక్క సైకిల్

పెద్ద లారీ వెనకాలే ఒక కుర్రాడు సైకిల్ తొక్కుతున్నాడు. డ్రైవరు కిటికీలోంచి చెయ్యి చాపి వేళ్లు చూపిస్తున్నాడు: నాలుగు, ఐదు, చివరికి ఆరు. గంటకు అరవై మైళ్లన్నమాట! నేపథ్యంలో మెండెల్సన్ ఇటాలియన్ సింఫనీ. పీటర్ యేట్స్ 1979లో తీసిన ‘బ్రేకింగ్ అవే’లోని ఈ ఒక్క దృశ్యం చాలు, సైకిల్ పందెం కిటుకు అర్థం కావడానికి. తొక్కేవాడి అసలు శత్రువు గాలి. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ముందువాడి చక్రానికి జానెడు దూరంలో, గాలిచాటున ఒదిగి, బలాన్ని చివరిదాకా దాచుకుంటారు.

కథ నడిచేది అమెరికాలోని బ్లూమింగ్టన్‌లో. అక్కడి ఇండియానా విశ్వవిద్యాలయంలో 1951 నుంచి ‘లిటిల్ 500’ అనే పందెం జరుగుతోంది. మగవాళ్ల పోటీ 200 ల్యాపులు, 50 మైళ్లు. జట్టుకు నలుగురు. అన్ని జట్లకూ ఒకే రకం సైకిళ్లు, ఒకటే గేరు. పెడల్‌ను వెనక్కి తొక్కితే బ్రేకు పడుతుంది. ఖరీదైన సైకిల్ కొని గెలుద్దామంటే కుదరదు. నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మనిషి మారే క్షణం. వస్తున్నవాడు సీటు మీంచి వెనక్కి జారి దూకేస్తాడు. కాచుకుని ఉన్నవాడు పరుగుమీదే హ్యాండిల్ అందుకుని ఎగిరి కూర్చుంటాడు. అక్కడ తడబడితే ఎంతో కష్టపడి సంపాదించిన ఆధిక్యం పోతుంది.

సినిమా ప్రాణం కూడా అక్కడే ఉంది. లారీ వెనకాల తొక్కిన కుర్రాడు డేవ్, ఒకప్పుడు రాళ్లు కొట్టిన కార్మికుడి కొడుకు. అతనికి ఇటలీ సైకిల్ వీరులంటే పిచ్చి. తీరా వాళ్ల పక్కన తొక్కే అదృష్టం దక్కితే, ఒకడు అతని చక్రంలో పంపు దూర్చి పడగొడతాడు. ఆ తర్వాత లిటిల్ 500లో ఒంటరిగానే నెగ్గుకొస్తున్న డేవ్ గాయపడతాడు. అప్పుడు తటపటాయిస్తూనే ముగ్గురు మిత్రులూ సైకిలెక్కుతారు. చివరికి డేవ్ పాదాలను పెడళ్లకు టేపుతో కట్టించుకుంటాడు. కట్టేశాక దూకడం లేదు, మరొకరికి అప్పగించడం లేదు. పందెం నియమాలు తెలిసినవాడికి ఆ తెగింపు విలువ తెలుస్తుంది.

ఇంకో దృశ్యం నా మనసు వదలదు. ఒకప్పుడు రాయి కొట్టిన తండ్రి, రాత్రివేళ విశ్వవిద్యాలయ భవనాల మధ్య నడుస్తూ, వాటి రాయి తన చేతి పనేనని కొడుక్కి చెబుతాడు. కట్టిన చేతులకే ఆ గుమ్మాలు పరాయివయ్యాయి. పందెంలో ఆ నలుగురి జట్టు పేరు ‘కట్టర్స్’, అంటే రాళ్లు కొట్టేవాళ్లు. ఎగతాళిగా విన్న మాటనే వాళ్లు చొక్కాల మీద వేసుకున్నారు.

స్క్రీన్‌ప్లే రాసిన స్టీవ్ టెసిచ్ ఇదంతా బయటినుంచి చూసి రాయలేదు. 1962లో లిటిల్ 500 గెలిచిన జట్టులో ఆయన ఒకడు. ఆ జట్టులోని డేవ్ బ్లేస్ 200 ల్యాపుల్లో 139 ఒక్కడే తొక్కాడు. ఈ స్క్రీన్‌ప్లేకే టెసిచ్‌కు ఆస్కార్ వచ్చింది. చిత్రీకరణ జరిగిన పాత స్టేడియం ఇప్పుడు లేదు. ఆ చోట చెట్లు పెంచారు. పందెం మాత్రం మరో మైదానంలో కొనసాగుతోంది. 1988 నుంచి ఆడపిల్లలు కూడా తొక్కుతున్నారు, వాళ్లకు 100 ల్యాపులు.