ఎయిర్‌బ్రష్ తొలి సాధన

1890 ప్రాంతమున అమెరికాలో చార్లెస్ బర్డిక్ రూపొందించిన ఎయిర్‌బ్రష్‌ను చేతఁబట్టిన నూతనాభ్యాసకుఁడు, బొమ్మ వ్రాయఁబోక, పాత వార్తాపత్రికపై చుక్కలు పెట్టుచుఁ గూర్చుండుట మిక్కిలి గౌరవింపఁదగిన శ్రమ. మీటను క్రిందికి నొక్కినచో గాలి వెడలును. వెనుకకు లాగినచో సూది జరిగి, సుమారు 0.3 మిల్లీమీటర్ల రంధ్రమునుండి, పాలవలెఁ బలుచన చేసిన రంగు తుంపరగా నెగయును. ఈ రెండు చలనములను ఒక్క చూపుడువ్రేలే వేఱువేఱుగా నెఱుఁగవలెను. ముందు గాలి, పిదప రంగు; ముగించునపుడు రంగు నాపిన తరువాతనే గాలి నాపవలెను, లేనిచో మొనపై నిలిచిన బొట్టు మఱుసటి గీత మొదటనే చిమ్మును. అన్నింటికంటెఁ గఠినమైనది, నా యభిప్రాయమున, వెడల్పుగా మొదలై వెండ్రుకవాసిగా సన్నగిల్లు గీత: చేయి కదలుచునే కాగితమును సమీపింపవలెను, వ్రేలు మీటను మెల్లగా ముందునకు వదలవలెను. ఇట్టి గీతలతోఁ బుటలు నింపి, పని ముగిసినంతనే సూదిని వెలికిఁదీసి తుడుచు నోపిక గలవానికే నేను చిత్రపటమును నిశ్చింతగా నప్పగింతును.