వికీసోర్సు – తరగతిగదిలో దాని యుపయోగము

తెలుగు రాష్ట్రములకు వెలుపల తరతరములుగా నివసించు మన కుటుంబములలో తెలుగు పలుకు నిలిచినది గాని తెలుగు చదువు సన్నగిల్లినది. హోసూరునందైనను, బళ్లారియందైనను, బరంపురమునందైనను పెక్కుమంది పిల్లలు ఇంట తెలుగు మాటాడి, బడిలో వేఱొక లిపిని దిద్దుచున్నారు. మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతులు కల్పింపవలెనని 1956లో రాజ్యాంగమున చేరిన 350ఏ అధికరణము చెప్పుచున్నది. అయినను అధికరణము పుస్తకమును తెచ్చి చేతిలో పెట్టదు. అంతర్జాలమున ఉచితముగా లభించు గ్రంథములు ఈ లోటును ఎంతవఱకు తీర్చగలవో, తెలుగు వికీసోర్సును నిదర్శనముగా గైకొని విచారింతము.

2005లో ఆరంభమైన ఈ గ్రంథాలయమున వేమన పద్యములు, సుమతీ శతకము, గురజాడవారి కన్యాశుల్కము మున్నగునవి వెల లేక చదువుకొనవచ్చును. రచయిత మరణించి 60 ఏండ్లు గడచిన పిదప మన దేశమున గ్రంథస్వామ్యము తీఱును. కనుక 1915లో గతించిన గురజాడవారి నాటకమును ఉపాధ్యాయుడు నిర్భయముగా అచ్చొత్తి పంచవచ్చును.

అసలును నకలును ప్రక్కప్రక్కన నుంచి సరిచూచుటలోనే గుమాస్తా కొలువు గడపిన మాకు ఇందలి యొక యేర్పాటు మిక్కిలి నచ్చినది. పెక్కు గ్రంథములకు పాత ముద్రణపు పుట యొకవైపునను, ఎక్కించిన పాఠము వేఱొకవైపునను కనబడును. ఎఱుపు గుర్తున్న పుట ఇంకను దిద్దవలసినది. పసుపైనచో ఒకరు దిద్దినది. ఆకుపచ్చయైనచో రెండవవారును సరిచూచినది. పాఠమునకు ఆకుపచ్చ పుటలనే గైకొనుట మేలు. ఎఱుపు పుటలును వ్యర్థములు కావు. పెద్ద తరగతి పిల్లలచే వానిని అసలుతో పోల్చి దిద్దించినచో ఒత్తులును గుణింతములును చక్కగా పట్టుపడును.

ఇక లోపములు. మూలము కలదు గాని పెక్కింటికి ప్రతిపదార్థము లేదు. సంధులు విడదీయనిదే పద్యము మన పిల్లలకు బోధపడదు. శతకములలో స్త్రీలను, కొన్ని కులములను కించపఱచు పద్యములును కలవు. ఉన్నది ఉన్నట్లుంచుట గ్రంథాలయమునకు ధర్మము. ఏరి చెప్పుట ఉపాధ్యాయునకు ధర్మము. అన్నిటికన్న పెద్ద కొఱత, అక్షరమునకు గొంతు లేకపోవుట. యతి యెచట పడినదో, పద్యమును ఎట్లు విఱిచి చదువవలెనో చెవికి వినిపింపవలసినదే గాని కంటికి చూపిన చాలదు.

విత్తనము ఊరక దొరకినంతమాత్రాన పంట ఊరక పండదు. కావున మన సంఘములు ఇరువది పద్యములను ఏరి, పదవిభాగమును, తాత్పర్యమును, ఆ మాటకు మన యిండ్లలో వాడు పలుకును చేర్చి, చిన్న పొత్తముగా అచ్చువేయవలెను. ఆదివారపు తరగతిలో పద్యము వచ్చిన పెద్దలొకరు వానిని రాగముతో చదివి వినిపింపవలెను. ఈపాటి శ్రమకు మనము ఓర్వనిచో, అంత గ్రంథాలయమును తెఱపై వెలుగుచుండగా, మన పిల్లలు దానిని చదువనేరక చూచుచుందురు.