పుట్టికి డాంబరు పూత

కొత్తకోటనుండి బెంగుళూరు రహదారి వెంట దక్షిణమునకు పోయినచో, బీచుపల్లి ఆంజనేయుని సన్నిధిని కృష్ణ దర్శనమిచ్చును. బండలతో నిండి, వేసవిలో పలుచబడు ఈ ప్రవాహమున తెరచాప నావలకన్న, అడుగు చదునుగా ఉండి జానెడు లోతుననే తేలగల వెదురు పుట్టియే మనవారికి నమ్మకమైన వాహనము. వలలు వేయు బెస్తలను, పంచదేవపహాడు రేవునుండి కురువపురమునకు పోవు యాత్రికులను మోసినది అదియే. 1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు దొమింగో పేస్, తోలు కప్పిన ఈ గుండ్రని పడవలలో మనుష్యులే గాక గుఱ్ఱములును ఎద్దులును ఏరు దాటగలవని వ్రాసియుంచెను.

నేడు తోలు పోయి ప్లాస్టిక్ సంచులు వచ్చినవి. కాని మరమ్మతులోని ఓర్పు మారలేదు. పుట్టిని ఒడ్డున బోర్లించి, పాత పూతను గీకి, చివికిన బద్దలను తొలగించి క్రొత్తవి అల్లిన పిమ్మట చేయవలసిన ముఖ్యకార్యము ఆరబెట్టుటయే. చెమ్మ మిగిలిన వెదురుపై ప్లాస్టిక్ కప్పు వేసినచో, అది నీటిని బయట ఆపుటకు బదులు లోపల బంధించును. పైకి నున్నగా మెఱయు పుట్టి లోలోపల కుళ్ళిపోవును. అందుచేతనే తొందరలో సిద్ధమైన పుట్టిని చూచిన నాకు భయము.

డాంబరు కాచుటయు అట్టి జాగ్రత్తతో కూడిన పనియే. పొయ్యి పుట్టికి దూరముగా, గాలివాటమునకు దిగువను ఉండవలెను. కాగుచున్న డాంబరులో నీరు పడినచో అది నురుగై పొంగి చేతులపైకి చిమ్మును. మితిమీరి కాగినచో కప్పునే కరగించి చిల్లులు చేయును. కుట్లవెంబడి, అంచుక్రింద, అడుగు రాతికి రాచుకొను చోట పూత దట్టముగా పడవలెను. ఇటీవలి ఫైబరు పుట్టులను నేను నిరసింపను; అవి తేలికయైనవి, మన్నికయైనవి. అయినను పగులు వచ్చినచో పరుల నైపుణ్యమునకై వేచియుండవలసినది ఫైబరు. వెదురు పుట్టిని దాని యజమానియే బాగుచేసికొనగలడు.

ఎంత చక్కని పూతయైనను అధికభారమును ఆపజాలదు. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర కృష్ణలో పడవ మునిగి 60 మందికి పైగా మరణించిరి. ఎందరెక్కవచ్చునో అంచుపై రంగుతో వ్రాయించి, ఎక్కిన ప్రతివానికి లైఫ్ జాకెట్ తొడిగించుటయు మరమ్మతులో భాగమే యని రేవులవారు, అధికారులు ఈ వేసవిలోనే నిర్ణయింపవలెనని నా ప్రార్థన.