గోడ, కాన్వాసు: సవర చిత్రాన్ని నైరూప్య కళ అనవచ్చునా?

1. ప్రవేశిక

కంటికి కనిపించే వస్తువు రూపాన్ని విడిచిపెట్టి గీత, రంగు, ఆకృతుల ద్వారానే అనుభూతిని కలిగించే కళను నైరూప్య కళ అంటారు. ఒకే కృతిలో భిన్న పదార్థాలను కలిపి వాడితే అది మిశ్రమ మాధ్యమం. ఈ రెండు నిర్వచనాలను తూర్పు కనుమల గిరిజన కళకు అన్వయిస్తే ఏమవుతుందో ఈ పాఠంలో పరిశీలిద్దాం.

అరకు ప్రాంతపు గదబ స్త్రీలు ఒకప్పుడు అడవి పొదల నుంచి తీసిన నారను నూలుతో కలిపి చారల బట్ట నేసుకునేవారు. నిర్వచనం ప్రకారం అది మిశ్రమ మాధ్యమమే. ఆ చారలు నైరూప్యమే. కాని నేసిన స్త్రీకి అది ఒంటికి కట్టుకునే బట్ట. పరిభాష సరిపోయినంత మాత్రాన కృతి అర్థమైనట్టు కాదని ఈ చిన్న ఉదాహరణ చెబుతుంది.

2. సవర గోడచిత్రం: సామగ్రి, పద్ధతి

అరకుకు ఈశాన్యంగా, సీతంపేట కొండల నుంచి ఒడిశాలోని రాయగడ, గజపతి జిల్లాల వరకు సవరలు నివసిస్తున్నారు. వీరి ఇళ్ళలోని గోడచిత్రాలను ఇడితాల్ అంటారు. వెరియర్ ఎల్విన్ 1951లో ప్రచురించిన మధ్యభారత గిరిజన కళల గ్రంథంలోను, 1955లో సవరల మతంపై రాసిన గ్రంథంలోను వీటిని వివరించాడు.

ముందుగా గోడను ఎర్రమట్టితో అలుకుతారు. బియ్యపు పిండిని నీటిలో కలిపి తెలుపు, దీపపు మసి నుంచి నలుపు తయారు చేసుకుంటారు. కొస నలగ్గొట్టిన పుల్లే కుంచె. మొదట నలుచదరంగా అంచు గీస్తారు. అది ఆత్మ నివసించే ఇల్లు. ఆ తరువాత మనుషులు, గుర్రాలు, ఏనుగులు, చెట్లు, సూర్యచంద్రులు ఆ ఇంట్లోకి చేరతారు. రోగం వచ్చినప్పుడో, చనిపోయిన పెద్దలకు కోపం వచ్చిందని తోచినప్పుడో, పంట బాగుండాలనో ఈ చిత్రం వేయిస్తారు. చిత్రం పూర్తయ్యాక పూజారి ఆత్మను పిలిచి చూపిస్తాడు. ఏదైనా తక్కువైందని ఆత్మ చెబితే చిత్రకారుడు దాన్ని చేరుస్తాడు. అంటే ఆ చిత్రానికి తొలి విమర్శకుడు ఆ ఆత్మే.

3. ఇద్దరు ఆధునికులతో పోలిక

గుడివాడలో పుట్టి, లండన్ స్లేడ్ స్కూలులో చదివి, షికాగోలో స్థిరపడిన ఎస్.వి. రామారావు తైలవర్ణ చిత్రాలలో రంగుల పొరలే కథావస్తువు. ఇది చెట్టు, ఇది మనిషి అని వేలు పెట్టి చూపలేం. ఆయన కనిపించే లోకం నుంచి బయలుదేరి దాన్ని దాటి వెళ్ళారు.

సూర్యాపేటలో 1956లో జన్మించి, విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో బోధించిన జి. రవీందర్ రెడ్డి మరో దారి పట్టారు. ఆయన చేసిన భారీ స్త్రీ శిరస్సులు పాలియెస్టర్ రెసిన్, ఫైబర్ గ్లాసులతో పోతపోసినవి. వాటిపై మెరిసే రంగులు, బంగారు పూత ఉంటాయి. కర్మాగారపు పదార్థం మీద గుడి విగ్రహపు బంగారం పడటంతో, కొప్పులో పూలు పెట్టుకున్న మామూలు స్త్రీ దేవతలా కనిపిస్తుంది. ఇక్కడ పదార్థాల కలయికే అర్థాన్ని పుట్టిస్తున్నది.

ఇప్పుడు సవర చిత్రాన్ని చూడండి. త్రిభుజాల దేహాలు, పుల్లల్లాంటి కాళ్ళు. పైకి నైరూప్యంలా అనిపిస్తుంది. నేనూ చాలా ఏళ్ళు తరగతిలో పాల్ క్లీ చిత్రాన్ని, ఇడితాల్ ఛాయాచిత్రాన్ని పక్కపక్కన పెట్టి “చూడండి, రెండూ నైరూప్యమే” అని చెప్పాను. ఒకసారి కొండ ప్రాంతం నుంచి వచ్చిన విద్యార్థి ఒకరు లేచి, “సార్, ఈ బొమ్మ ఎవరి కోసం వేశారు?” అని అడిగాడు. ఎవరు వేశారన్నది నాకు తెలియదు. ఎవరి కోసమన్న ప్రశ్న అసలు నాకు తట్టలేదు. నా పోలిక అక్కడే వీగిపోయింది. సవర చిత్రకారుడు వస్తువును విడిచిపెట్టడు. గుర్రం గుర్రమే, ఆ ఆత్మ ఎక్కడానికే దాన్ని గీశాడు. కనుక రూపసామ్యం ఉన్నా ఈ చిత్రాన్ని నైరూప్యం అనడం సరికాదు.

4. గోడ నుంచి కాన్వాసుకు

అలాగని దీన్ని ప్రాచీన అవశేషంగా చూడటం మరో పొరపాటు. ఇడితాల్ లోకి సైకిలు, రైలు, విమానం కూడా వచ్చాయి. తన కాలంలో తాను చూసినదాన్ని గీసినవాడు సమకాలికుడే. జె. స్వామినాథన్ భోపాల్ లోని భారత్ భవన్ లో 1982 నుంచి గిరిజన కళను ఆధునిక కళ సరసన ప్రదర్శించింది ఈ దృష్టితోనే. ఆ కృషి వల్లనే గోండు చిత్రకారుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్ తన సొంత పేరుతో ప్రపంచానికి తెలిశాడు.

నేడు సవర చిత్రాలు కాన్వాసు మీదికి, గుడ్డ మీదికి వచ్చాయి. పిండి స్థానంలో యాక్రిలిక్ వచ్చింది. రంగు మారడం అసలు నష్టం కాదు. ఈ చిత్రం పూర్తయిందా అని అడిగే ఆత్మ స్థానంలో కొనుగోలుదారు నిలబడ్డాడు. అప్పుడు బొమ్మలు అవసరం కొద్దీ రాక, ఖాళీ నింపడానికి వచ్చే ప్రమాదం ఉంది. కాన్వాసు మీది సవర చిత్రాన్ని జాలితో మెచ్చుకోకండి. ఇందులోని ప్రతి బొమ్మకూ ఒక కారణం ఉందా అని పరీక్షించండి. ఆ పరీక్షలో నెగ్గిన చిత్రం కింద “గిరిజన కళ” అని రాసి ఊరుకోకుండా, రామారావు పేరు రాసినట్టే వేసినవారి పేరు రాయాలి.

5. సారాంశం

ఒక కృతిని నైరూప్యం అనాలా వద్దా అన్నది దాని రూపాన్ని బట్టి మాత్రమే తేల్చలేం. సామగ్రి, పద్ధతి, ఉద్దేశం కలిపి చూడాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీ ఇంటి ముంగిట వేసే ముగ్గును నైరూప్య కళ అనవచ్చునా? సామగ్రి, పద్ధతి, ఉద్దేశం అనే మూడు అంశాల ఆధారంగా పది వాక్యాలలో చర్చించండి.