డీజే మిక్సులో డప్పు ఎవరిది?

బెంజ్ సర్కిల్ దగ్గర వొక శనివారం రాత్రి మేం ముగ్గురం నిలబడి రెండు పాటలు విన్నాం. వొకటి హోటలు పై అంతస్తులోంచి. టిక్కెట్టు కొన్నవాళ్ళకి వినిపించే పాట అది. తలుపు తెరిచినప్పుడల్లా బేసు మాత్రం బయటికొచ్చి మళ్ళీ లోపలికి పోతోంది. రెండోది ఫ్లైఓవరు పక్కన సర్వీసు రోడ్డు మీద, టాటా ఏస్ బండికి కట్టిన బాక్సుల్లోంచి. పెళ్ళి ఊరేగింపు. జీపు వొచ్చి రెండోదాన్ని ఆపించింది. టైము తొమ్మిదిన్నర. "పదింటి దాకా ఉందిగదా సార్" అని పెళ్ళికొడుకు బాబాయి బతిమాలాడు. "మరి పైన మోగుతుందిగా" అని వెనకనుంచి వొక కుర్రాడు అన్నాడు. దానికెవరూ జవాబు చెప్పలేదు.

పైన మోగేదాన్ని ఇంగ్లీషు పేపర్లు అండర్‌గ్రౌండ్ సంగీతం అని రాస్తాయి. మన దగ్గర యూజీ అంటే అర్థం వేరు. అజ్ఞాతంలోకి వెళ్ళినవాళ్ళు. వాళ్ళ పాటా అలాగే క్యాసెట్టులో, లోజేబులో తిరిగింది. డబ్బున్నవాళ్ళు గురువారం నాడే టేబులు బుక్ చేసుకుని వెళ్ళే చోటుకి ఆ పేరెలా వొచ్చిందో తెలుసుకోవాలంటే కొంచెం వెనక్కి పోవాలి. 1973 ఆగస్టులో న్యూయార్కు బ్రాంక్స్‌లో, జమైకా నుంచి వలసొచ్చిన కుటుంబపు కుర్రాడు కూల్ హెర్క్ తన చెల్లెలు పెట్టిన పార్టీలో రెండు రికార్డు ప్లేయర్లు పక్కపక్కన పెట్టి, పాటలో డ్రమ్ము వొక్కటే మోగే ముక్కని సాగదీశాడు. జమైకాలో వీధుల్లో పెద్ద బాక్సులు పేర్చి ఆడే సౌండ్ సిస్టమ్ పద్ధతి దానికి వెనకున్న దినుసు. షికాగోలో వేర్‌హౌస్ అనే క్లబ్బులో ఫ్రాంకీ నకుల్స్ రికార్డులు కలిపాడు. ఆ క్లబ్బు పేరు నుంచే ఆ సంగీతానికి 'హౌస్' అన్న పేరొచ్చింది. అక్కడికి ఆడటానికొచ్చినవాళ్ళు ఎక్కువగా నల్లవాళ్ళు, లాటినోలు, మగవాళ్ళని ప్రేమించే మగవాళ్ళు. బయట ఎక్కడా వొళ్ళు విప్పుకుని ఆడలేనివాళ్ళు. అదే ఊళ్ళో 1979 జూలై 12న బేస్‌బాల్ గ్రౌండులో జనాన్ని పోగేసి డిస్కో రికార్డుల్ని గుట్టగా పోసి పేల్చేశారు. పాట మీద కోపం పాటతో ఆగదు, ఆడేవాళ్ళ మీదికి పోతుంది. ఈ సంగతి మనకి షికాగో వాళ్ళొచ్చి చెప్పక్కర్లేదు.

మనదేశం తక్కువేం తినలేదు. చరణ్‌జీత్ సింగ్ అనే సినిమా వాద్యకారుడు 1982లో బొంబాయిలో రోలాండ్ యంత్రాలతో పది రాగాల్ని డిస్కో దెబ్బ మీద వాయించి రికార్డు తెచ్చాడు. ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్ళీ అచ్చయ్యాక యూరపు వాళ్ళు 'ఇది మా యాసిడ్ హౌస్ కంటే ముందుదే' అని ఆశ్చర్యపోయారు. ఇప్పుడు హైదరాబాదు, బెంగుళూరు క్లబ్బుల వాళ్ళు ఆయన పేరు గర్వంగా చెబుతారు. పది రాగాల్లోంచి ఆధునికత్వం వొచ్చిందంటే ఒప్పుకోవడం వాళ్ళకి సులువు. డప్పులోంచి వొచ్చిందంటే మొహం చిట్లిస్తారు.

ఇక మన రికార్డు షాపు. విజయవాడలో గవర్నర్‌పేట, బీసెంట్ రోడ్డు చుట్టుపక్కల ఎనభైల్లో, తొంభైల్లో పెరిగినవాళ్ళకి క్యాసెట్టు కొట్టంటే ఏంటో చెప్పక్కర్లేదు. చిన్న గది, గోడనిండా ప్లాస్టిక్ డబ్బాలు, బల్ల మీద రెండు డెక్కులు. మనం కాగితం మీద పాటల జాబితా రాసుకెళ్ళి ఇస్తే ఖాళీ క్యాసెట్టులో 'ఎక్కించి' పెట్టేవాళ్ళు. అరవై నిమిషాలదా, తొంభైదా అని అడిగేవాళ్ళు. ఈ 'ఎక్కించడం' అన్న మాట ఎంత గట్టిదంటే క్యాసెట్టు పోయి సీడీ వొచ్చినా, సీడీ పోయి సెల్ షాపులో మెమరీ కార్డు వొచ్చినా, మాట మాత్రం మారలేదు. టీ సిరీస్ లాంటి కంపెనీలు క్యాసెట్టు ధర నేలకి దించాక, గ్రామఫోను కొనలేని ఇళ్ళలోకీ పాట వొచ్చింది. మా ఇంట్లోకి మొదటిసారి మేం ఎన్నుకున్న పాట అలాగే వొచ్చింది. రేడియోలో వాళ్ళు వేసినప్పుడు వినాలి. క్యాసెట్టులో మనకి కావలసినప్పుడు.

అయితే ఎన్నుకున్నామని పూర్తిగా అనలేం. మాలో వొకరం ఇంటర్ చదివేటప్పుడు ఇలాంటి కొట్టుకి జాబితా పట్టుకెళితే, సినిమా పాటలు ఎక్కించి, కింద రాసిన రెండు గద్దర్ పాటలు, వొక క్రైస్తవ పాట వొదిలేసి ఇచ్చారు. ఎందుకండీ అంటే "మాస్టర్ లేదు" అన్నాడు కొట్టాయన. అవే క్యాసెట్లు ఆయన వెనకాల అరలో కనబడుతూనే ఉన్నాయి. భయపడ్డాడేమో కూడా. గద్దర్ 1985లో అజ్ఞాతంలోకి వెళ్ళి 1990లో బయటికొచ్చాడు. ఆ మధ్యకాలంలో ఆ గొంతుని అమ్మడం తేలికేం కాదు. మిగిలిన స్థలంలో ఆయనే తనకి నచ్చినవి ఎక్కించాడు. ఇంటికెళ్ళి వింటే మా జాబితా ఆయన జాబితా అయిపోయింది! ఏ పాట తర్వాత ఏది రావాలి, ఏది ఎక్కకూడదు అనేది బల్ల అవతలున్న మనిషి తేల్చాడు. మిక్సింగ్ అంటే అదే. మనకి మొదటి డీజే క్యాసెట్టు కొట్టాయన.

1995లో ఇదే విజయవాడ నుంచి 'చిక్కనవుతున్న పాట' వొచ్చింది. దళిత కవిత్వాన్ని ఎవరు రాశారు, ఎవరికి రాశారు అన్న ప్రశ్నల్ని తెలుగు విమర్శ ముందు నిలబెట్టింది. పేరులోనే పాట ఉంది. కానీ అచ్చులోని పాటని చదివిన మన విమర్శ, బాక్సులోంచి వొచ్చే పాటని మాత్రం చదవలేదు. అగ్రవర్ణ విమర్శకుడు దాన్ని గోల అన్నాడు. మన విమర్శకుడు వినిమయ సంస్కృతి అన్నాడు. ఇద్దరూ చెవులు మూసుకున్నవాళ్ళే. మేమూ అందులో ఉన్నాం. యూనివర్సిటీకొచ్చాక పల్లెలో డీజే అంటే మాకూ కాస్త సిగ్గుగానే ఉండేది, దాచుకోవడమెందుకు.

సరే, వొక మిక్సు విందాం. కృష్ణా, గుంటూరు పల్లెల్లో పెళ్ళిళ్ళకి వేసేవి చాలావరకు వొకే అచ్చులో ఉంటాయి. ముందు సైరను. తర్వాత డీజే పేరూ, ఊరి పేరూ ఉరుముతున్నట్టు వొక గొంతు. సినిమా డైలాగు ముక్క. అప్పుడు డప్పు. నాలుగైదు సెకన్ల ముక్కని కోసి అదే మళ్ళీ మళ్ళీ తిప్పుతారు. దానికింద యంత్రపు బేసు. ఆ మీద జానపదం పాడే ఆడమనిషి గొంతు, అసలు కంటే వేగం పెంచి, సన్నగా. పాట సగంలో అన్నీ ఆగిపోయి వొక్క క్షణం ఖాళీ. మళ్ళీ వొక్కసారిగా అన్నీ మీద పడతాయి. ఆ ఖాళీలో కుర్రాళ్ళు చేతులెత్తి నిలబడతారు. అది తెలివైన పని. కవిత్వంలో విరుపు ఎక్కడ పెట్టాలో తెలిసినవాడు చేసే పనే అది. మిక్సు చేసినవాడికి ఆ మాట మనం చెప్పాలి.

కానీ ఆ మిక్సులో ఎన్ని పేర్లున్నాయి? డీజే పేరు ప్రతి నిమిషానికీ వినబడుతుంది. పాడిన ఆమె పేరు లేదు. డప్పు కొట్టినాయన పేరు లేదు. ఇంకో సంగతి కూడా పోయింది, అది మాకు ఆలస్యంగా తట్టింది. డప్పు తోలుది. కాసేపు కొట్టాక చల్లబడి సుతి దిగుతుంది. అప్పుడు ఆగాలి, గడ్డో కాగితాలో మండించి కాకబెట్టాలి. సిర్రా, సిటికెన పుల్లా చంకలో పెట్టుకుని బీడీ కాల్చుకునేది, మంచినీళ్ళు తాగేది ఆ మంట దగ్గరే. కొట్టేవాడికి తోలు ఇచ్చిన విశ్రాంతి అది. కోసిన ముక్క చల్లబడదు. రాత్రంతా తిప్పినా అదే సుతి. ఆ విశ్రాంతితోపాటు కూలీ కూడా పోయింది.

చట్టం ఏమంటుంది? 1957 కాపీరైటు చట్టానికి 1994లో చేసిన సవరణ ప్రకారం పెళ్ళి ఊరేగింపులో, పెళ్ళి వేడుకల్లో రికార్డు వేస్తే అది ఉల్లంఘన కాదు. మంచిదే, లేకపోతే పేదవాడి పెళ్ళిలో పాట ఉండదు. 2012 సవరణతో సినిమా కవికి, స్వరకర్తకి రాయల్టీ హక్కు గట్టిపడింది. అదీ మంచిదే. దరువుకి మాత్రం కర్త లేడు. జానపదం అంటే అందరిదీ అంటారు. అందరిదీ అన్నది చివరికి ఎవరు ముందు ఎక్కించుకుంటే వాళ్ళది అయింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డప్పు కళాకారుల్ని పింఛను జాబితాలో పెట్టింది, 2024 నుంచి నెలకి 4,000 రూపాయలు. పింఛను రావాల్సిందే. పాటలో వాటా మాట మాత్రం ఎవరూ ఎత్తరు.

శబ్దం చట్టం ఇంకొకటి. 2000 నాటి నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట లౌడ్‌స్పీకరు వాడకూడదు. ఇళ్ళున్నచోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేల్నే నిషేధించారు. మేం ఈ హద్దులకి వ్యతిరేకం కాదు. పల్లెల్లో ఇల్లూ ఇల్లూ ఆనుకుని ఉంటాయి, బాక్సుకీ గోడకీ మధ్య రెండడుగులుండవు. బాలింతలుంటారు, గుండెజబ్బు ముసలోళ్ళుంటారు. వాళ్ళు దళితులు కారా? మేం అడిగేది తొమ్మిదిన్నరకి ఎవరి బండి ఆగింది అని మాత్రమే. చుండూరులో 1991 ఆగస్టు 6 నాటి హత్యలకి ముందు గొడవ మొదలైంది సినిమా హాల్లో, కాలు తగిలిందని. పాట, సినిమా, ఆట – వొళ్ళూ వొళ్ళూ దగ్గరికొచ్చే చోట కులం ముందు లేచి నిలబడుతుంది. మన పెళ్ళి బండి ఊళ్ళో బజారు గుండా పోతే వాళ్ళకి తలనొప్పి రావడం డెసిబెల్స్ లెక్క కాదు.

ఇక్కడ మనవాళ్ళలోనే వొక వాదన ఉంది. డీజే వొచ్చి డప్పుని చంపేసింది కాబట్టి డీజేని తరిమేయాలంటారు. మేం వొప్పుకోం. డప్పు మనకి కళ మాత్రమే అయ్యుంటే ఈ వాదన చెల్లేది. అది వెట్టి కూడా. ఊళ్ళో చావుకి, జాతరకి, చాటింపుకి పిలిస్తే పోవాల్సిందే. అందుకే చాలాచోట్ల మాదిగలు 'ఇక కొట్టం' అని డప్పు కింద పెట్టారు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన దండోరా అదే డప్పుని హక్కు అడగడానికి చేతికి తీసుకుంది. కింద పెట్టడమూ పోరాటమే, చేతికి తీసుకోవడమూ పోరాటమే. గూడెం నుంచొచ్చి మిక్సరు దగ్గర నిలబడ్డ కుర్రాణ్ణి ఎవరూ 'ఒరే రారా' అని పిలవరు. ఫోను చేస్తారు. అడ్వాన్సు ఇస్తారు. ఇది చిన్న మార్పు అని యూనివర్సిటీలో కూర్చుని అనడం మాకు చేతకాదు.

అలాగని పండగ చేసుకునేంతా లేదు. బాక్సులు, ఆంప్లిఫయర్లు, జనరేటరు, బండి, అన్నిటికీ పెట్టుబడి కావాలి. మేం తిరిగిన చోట్ల ఓనర్లు వేరే, బాక్సులు మోసి సెట్టు కట్టే కుర్రాళ్ళు మనవాళ్ళు. ప్రతి ఆధిపత్య కులానికీ దాని మీసం తిప్పే డీజే పాటొకటి ఉంటే, అదే మిక్సరు మీద అవి కూడా మన కుర్రాడే వేయాల్సొస్తోంది. పంజాబులో గిన్నీ మాహీ తన కులం పేరునే 2016లో పాప్ పాట చేసింది. మద్రాసులో 2018లో కాస్ట్‌లెస్ కలెక్టివ్ గానా పాటని వేదికెక్కించింది. మహారాష్ట్రలో భీమ్ గీతాలకి డీజే మిక్సులు ఎప్పటినుంచో ఉన్నాయి. మనకి స్వరాజ్ మైదానంలో 2024 జనవరి 19న 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం లేచింది. ఏప్రిల్ 14న బందరు రోడ్డు మీద నడిస్తే మనం వినేవాటిలో సగం సినిమా హీరో పాటలు, పేరు మార్చి ఎక్కించినవి.

ఆడవాళ్ళ సంగతి ఇంకా ఘోరం. రికార్డింగ్ డాన్సుల కాలం నుంచీ కోస్తాలో రికార్డు ముందు ఆడే ఆడదాని మీద అందరికీ చూపుంది, ఎవరికీ గౌరవం లేదు. ఇప్పుడు బండి ముందు మగపిల్లలు ఆడతారు, ఆడపిల్లలు అరుగుల మీద నిలబడి ఫోన్లో తీస్తారు. మిక్సులో మాత్రం అంతా ఆడగొంతే. మా దగ్గర చదివే వొక అమ్మాయి "పాట మాదే అన్నా, రోడ్డు మాది కాదు" అంది.

పోయిన ఎండాకాలం బందరు కాలవ పక్క ఊళ్ళో పెళ్ళికి వెళ్ళాం. మిక్సు మొదలై డప్పు ముక్క తిరుగుతుంటే, పందిట్లో కూర్చున్న ముసలాయన నవ్వడం మొదలెట్టాడు. చిన్నప్పట్నుంచీ డప్పు కొట్టినాయన. "ఏంటి తాతా" అంటే "ఇది శవం ముందు కొట్టే దరువురా, పెళ్ళికి కొడుతున్నాడీడు" అన్నాడు. మేం వెళ్ళి డీజే కుర్రాడికి చెప్పాం. వాడు బిత్తరపోయి లాప్‌టాప్‌లో వెతికాడు. అందులో డప్పు ముక్కలకి పేర్లు లేవు, వొట్టి నంబర్లు. ఏది పెళ్ళిదో ఏది చావుదో వాడికెవరూ చెప్పలేదు. ఆపేసి వొచ్చి, "తాతా, పెళ్ళిది కొట్టవా, ఫోన్లో ఎక్కించుకుంటా, నీ పేరే పెడతా" అని అడిగాడు. ముసలాయన వొప్పుకున్నాడు. ఎవరింట్లోంచో డప్పు తెచ్చారు, తోలు మెత్తబడిపోయుంది. ముందు కాకబెట్టాలన్నాడు. గ్యాసు పొయ్యిల ఊళ్ళో గడ్డి కోసం పిల్లలు పరిగెత్తారు. మంట రాజేసేసరికి టైము పది దాటింది.